వీడియోను ఏ సైటుకూ అప్‌లోడ్ చేయకుండా బ్రౌజర్‌లోనే కట్ చేయడం, సైజు తగ్గించడం ఎలా?

"సార్, వీడియో పోతలేదు, సైజు తగ్గియ్యాలె. కానీ ఏదో సైట్ల ఎక్కిస్తే ఇంట్ల ఊకోరు." నల్గొండలో పెళ్ళిళ్ళప్పుడు, బతుకమ్మప్పుడు ఈ మాట తెగ వినబడుతుంది. దేవరకొండ వైపు టీచర్లు పాఠాల వీడియోల గురించి అడుగుతారు. నారాయణపేట, గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు చీర వీడియోల గురించి అడుగుతారు. అందరి అవసరమూ ఒక్కటే: సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయకుండా, ఇంటి వీడియో ముక్కూమొహం తెలియని సర్వర్‌కు వెళ్ళకుండా పని కావాలి.

అవుతుంది. బ్రౌజర్ ఇప్పుడు వీడియోను మీ కంప్యూటర్‌లోనే విప్పి, మళ్ళీ కట్టగలదు. ఇందుకు రెండు దారులున్నాయి. ఒకటి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రసిద్ధ ప్రోగ్రామ్‌ను వెబ్‌ అసెంబ్లీ, అంటే బ్రౌజర్ నేరుగా నడపగల కోడ్, రూపంలోకి మార్చి పేజీలోనే నడపడం. ఇది దాదాపు అన్ని రకాల ఫైళ్ళనూ తీసుకుంటుంది, కానీ మెల్లగా నడుస్తుంది. రెండోది వెబ్‌కోడెక్స్. మీ కంప్యూటర్‌లోని వీడియో చిప్‌ను బ్రౌజర్ నేరుగా వాడుకునే పద్ధతి ఇది. వేగం బాగుంటుంది, ఫైళ్ళ రకాలు మాత్రం తక్కువ. క్రోమ్‌లో 2021 నుంచి, డెస్క్‌టాప్ ఫైర్‌ఫాక్స్‌లో 2024 నుంచి ఉంది.

ఇక పని వరుస చూద్దాం. వరుస తప్పితే పది నిమిషాల పని పూట పని అవుతుంది.

## 1. ముందు పని ఏమిటో తేల్చుకోండి

నా దగ్గరికి "కంప్రెస్ చేయాలి" అంటూ వచ్చే వీడియోల్లో చాలావాటికి కంప్రెషనే అక్కర్లేదు. ముందూ వెనకా ఉన్న చెత్త తీసేస్తే చాలు. కెమెరా ఆన్ చేసి ఫోన్ సర్దుకున్న అరనిమిషం, చివర్లో "ఆపు, ఆపు" అన్న పావునిమిషం పోతే సైజు దానంతటదే దిగుతుంది.

వీడియో పనులు రెండు జాతులు.

తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా, అంటే బొమ్మలను విప్పి మళ్ళీ కుదించకుండా, అయ్యేవి: ముందూ వెనకా కత్తిరించడం, ఒకే ఫోన్‌లో ఒకే సెట్టింగ్‌తో తీసిన ముక్కలను కలపడం, ఆడియో మాత్రమే వేరుచేయడం, ఆడియో తీసేయడం, ఎంఓవీని ఎంపీ4గా మార్చడం. ఇవి సెకన్లలో అయిపోతాయి. క్లారిటీ ఇసుమంత కూడా తగ్గదు.

తిరిగి ఎన్‌కోడ్ చేయక తప్పనివి: సైజు తగ్గించడం, కొలతను (బొమ్మలోని పిక్సెల్ వరుసలను) 1080 నుంచి 720కి దించడం, అడ్డం వీడియోను నిలువుగా క్రాప్ చేయడం, మీద పేరో లోగోనో వేయడం, వేర్వేరు ఫోన్ల ముక్కలు కలపడం. వీటికి టైమ్ పడుతుంది, క్లారిటీ ఎంతో కొంత పోతుంది.

మొదటి జాతి పనిని రెండో జాతి పద్ధతిలో చేయడమే అందరూ చేసే పొరపాటు. టూల్‌లో "కాపీ", "లాస్‌లెస్", "నో రీ-ఎన్‌కోడ్" వంటి ఎంపిక ఉంటే ముందు అదే పట్టుకోండి.

## 2. సిద్ధం చేసుకోవాల్సినవి

- కొత్త వెర్షన్ క్రోమ్ లేదా ఎడ్జ్. ఫైర్‌ఫాక్స్‌లోనూ పని అవుతుంది. కానీ పెద్ద ఫైలును నేరుగా డిస్క్‌లోకి రాసుకుంటూ పోయే సౌకర్యం క్రోమ్, ఎడ్జ్ కుటుంబంలోనే ఉంది.
- 8 జీబీ ర్యామ్. 4 జీబీ ఉంటే చిన్న క్లిప్పులకే పరిమితం కండి.
- డిస్క్‌లో అసలు ఫైలుకు మూడింతలు ఖాళీ.
- ఛార్జర్ పెట్టి ఉంచిన ల్యాప్‌టాప్. బ్యాటరీ మీద చాలా ల్యాప్‌టాప్‌లు వేగం తగ్గించుకుంటాయి. పైగా ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు సంగతి మనకు తెలిసిందే.
- బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద "గ్రాఫిక్స్ యాక్సిలరేషన్" ఆన్. ఇది ఆఫ్‌లో ఉంటే వీడియో చిప్ ఉండీ లేనట్టే.
- మిగతా ట్యాబ్‌లన్నీ మూసేయాలి. యూట్యూబ్‌లో పాట పెట్టుకుని ఈ పని చేయొద్దు.

## 3. ఫైలును అసలు రూపంలో తెచ్చుకోండి

ఫోన్ నుంచి కంప్యూటర్‌కు వీడియోను వాట్సాప్‌లో పంపుకొని, దాన్ని మళ్ళీ కుదించేవాళ్ళు చాలామంది. వాట్సాప్ మామూలు వీడియోగా పంపితే అప్పటికే గట్టిగా నలిపేస్తుంది. నలిగిన దాన్ని మళ్ళీ నలిపితే మొహాలు మైనం ముద్దలవుతాయి. వాట్సాప్ తప్ప దారి లేకపోతే "డాక్యుమెంట్"గా పంపుకోండి. అలా 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

అన్నిటికన్నా మేలు యూఎస్‌బీ కేబుల్. కేబుల్ పెట్టాక ఫోన్ ఫోల్డర్‌లోంచే ఫైలును బ్రౌజర్‌లోకి లాగొద్దు. ముందు డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, తర్వాతే తెరవండి. పెన్‌డ్రైవ్‌లో తెచ్చేటట్టయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు.

ఫైలుకు చిన్న పేరు పెట్టండి. ఖాళీలు, బ్రాకెట్లు, ఎమోజీలు లేని పేరు. కొన్ని టూల్స్ అలాంటి పేర్ల దగ్గర తడబడతాయి. అసలు ఫైలును అలాగే ఉంచి, కాపీ మీదే పని చేయండి.

## 4. టూల్ నిజంగా మీ కంప్యూటర్‌లోనే పని చేస్తోందా? పరీక్షించండి

ఈ మెట్టు ఎవరూ దాటవేయొద్దు. "ఫ్రీ", "సెక్యూర్", "ప్రైవేట్" అన్న మాటలు ఏ సైటైనా రాసుకుంటుంది.

ముందు పేజీని చదవండి. "మీ ఫైళ్ళను గంట తర్వాత తొలగిస్తాం" అని రాసి ఉందనుకోండి, ఫైలు వాళ్ళ సర్వర్‌కు పోతున్నట్టే. తమ దగ్గర లేనిదాన్ని ఎవరూ తొలగించలేరు కదా. "అప్‌లోడ్" అనే బటన్ ఉన్నంత మాత్రాన మాత్రం అనుమానించక్కర్లేదు, అన్నీ ఇక్కడే చేసే టూల్స్ కూడా అలవాటుగా ఆ మాటే పెడుతుంటాయి.

ఫైలు ఇచ్చాక ఎంతసేపట్లో తీసుకుందో చూడటం రెండో గుర్తు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేగంతో 1 జీబీ ఫైలు పైకి పోవడానికి పదమూడు నిమిషాలకు పైనే పడుతుంది. ఇచ్చిన మరుక్షణం ప్రివ్యూ వచ్చిందంటే ఇంకా ఎక్కడికీ పోలేదని. "ఇంకా" అని ఎందుకన్నానంటే, కొన్ని సైట్లు ప్రివ్యూ ఇక్కడే చూపించి, "ఎక్స్‌పోర్ట్" నొక్కాక పైకి పంపుతాయి.

అందుకని అసలు పరీక్ష ఇది:

1. ఎవరూ లేని ఐదు సెకన్ల వీడియో తీసుకోండి. గోడనో చెట్టునో తీసినది.
2. నెట్ ఆన్‌లో ఉండగా దాన్ని టూల్‌లో పెట్టి మొత్తం పని ఒకసారి చేయించండి. టూల్ తనకు కావలసిన సరంజామా అప్పుడే దించుకుంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ముక్క ఒక్కటే దాదాపు 30 ఎంబీ ఉంటుంది.
3. పేజీని మూయకుండా, రీఫ్రెష్ చేయకుండా వైఫై ఆపేయండి. ఫోన్ హాట్‌స్పాట్ అయితే అదీ ఆపండి.
4. ఇప్పుడు ఇంకో చిన్న వీడియో ఇచ్చి, అదే పని చేసి, సేవ్ చేయండి.

నెట్ లేకుండా ఫైలు చేతికొచ్చిందా? అయితే పని ఇక్కడే జరిగింది. రాలేదా, ఆ టూల్ వదిలేయండి.

ఈ పరీక్షలో చాలామంది తప్పేది రెండో మెట్టులో. పేజీ తెరవగానే నెట్ ఆపేసి, పని కాకపోతే "ఇది దొంగ సైటు" అనేస్తారు. పాపం, దానికి తన సరంజామా దించుకునే టైమే ఇవ్వలేదు.

ఇంకా లోతుగా చూడాలనుకునేవాళ్ళు కీబోర్డు మీద ఎఫ్12 నొక్కి "నెట్‌వర్క్" ట్యాబ్ తెరవండి. నెట్ ఆన్‌లో ఉంచి చిన్న వీడియో మీద పని చేయించండి. "పోస్ట్" లేదా "పుట్" అని ఉన్న వరుసలు కనిపిస్తే ఒక్కొక్కటీ నొక్కి, పైకి పోయింది ఎంతో చూడండి. ఒకటి రెండు కేబీలు పోతే అవి సందర్శకుల లెక్కలు. మీ ఫైలు సైజుకు దగ్గరగా ఎంబీల్లో పోతే అది మీ వీడియోనే.

పెళ్ళి వీడియోలు, ఆడపిల్లలున్న వీడియోలు, పిల్లల మొహాలున్న స్కూలు వీడియోలు ఉంటే నేను చెప్పేది ఒకటే: పరీక్ష నెగ్గిన టూల్‌లోనైనా పనంతా నెట్ ఆపే చేయండి. ఫైలు సేవ్ అయ్యాక ట్యాబ్ మూసేసి, అప్పుడు నెట్ ఆన్ చేయండి.

టూల్ ఎంచుకునేటప్పుడు ఇంకో గుర్తు చూడండి. పని మొదలుపెట్టకముందే "ఎక్కడ సేవ్ చేయాలి?" అని ఫోల్డర్ అడిగే టూల్ పెద్ద ఫైళ్ళకు మేలు. అది అయినంత అయినట్టు డిస్క్‌లోకి రాసుకుంటుంది. మిగతావి మొత్తం వీడియోను ర్యామ్‌లో పోగేసి చివర్లో ఒక్కసారి ఇస్తాయి. చివరి నిమిషంలో ట్యాబ్ కూలిపోయేది ఇలాంటి వాటిలోనే ఎక్కువ.

## 5. ఫైలు జాతకం చూడండి

విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ తెరవండి. కొలతలు, ఫ్రేమ్ రేటు, బిట్‌రేట్ కనిపిస్తాయి. కోడెక్, అంటే వీడియోను ఏ పద్ధతిలో కుదించారో, తెలియాలంటే వీఎల్‌సీలో తెరిచి కంట్రోల్, జే కలిపి నొక్కండి. ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి:

- కోడెక్: హెచ్.264 అయితే నిశ్చింత. హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265 అయితే కొన్ని కంప్యూటర్లలో బ్రౌజర్‌కు మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు.
- కొలత: 1920×1080, 3840×2160 వంటివి.
- ఫ్రేమ్ రేటు: సెకనుకు ఎన్ని బొమ్మలో చెప్పే అంకె, 30 లేదా 60. 29.6, 30.02 లాంటి వింత అంకె కనిపిస్తే అది మారుతూ ఉండే ఫ్రేమ్ రేటు. ఫోన్లలో మామూలే, కానీ తర్వాత తిప్పలు పెడుతుంది.
- బిట్‌రేట్: సెకనుకు ఎంత సమాచారం పోస్తోందో చెప్పే అంకె. ఫైలు సైజును నిర్ణయించేది ఇదే.

పాత హ్యాండీక్యామ్‌తో తీసిన ఎంటీఎస్ ఫైళ్ళు మన స్టూడియోల్లో ఇంకా ఉన్నాయి. వాటిని బ్రౌజర్ నేరుగా ప్లే చేయదు. వెబ్‌కోడెక్స్ టూల్స్ పక్కనపెట్టి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆధారంగా నడిచేవే తీసుకోండి, "డీఇంటర్‌లేస్" ఆన్ చేయండి. లేకపోతే చేయి ఊపినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళలాంటి గీతలొస్తాయి.

## 6. కత్తిరింపు ముందు, కుదింపు తర్వాత

నలభై నిమిషాల వీడియోను గంటసేపు కుదించి, ఆ తర్వాత అందులోంచి నాలుగు నిమిషాలు తీసుకునేవాళ్ళను చూస్తుంటాను. తిరగేయండి.

1. కావలసిన భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్లేయర్‌లో చూసి రాసుకోండి.
2. "కాపీ" పద్ధతిలో కత్తిరించండి. మొదలుకు రెండు సెకన్ల ముందు నుంచి తీసుకోండి.
3. వచ్చిన ముక్కను తెరిచి చూడండి.

మీరు 12వ సెకను అంటే అది 10వ సెకను నుంచి ఇవ్వొచ్చు. టూల్ చెడిపోలేదు. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడా ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, దాన్ని కీఫ్రేమ్ అంటారు. మధ్యలోవన్నీ "ముందు దానికంటే ఏం మారింది" అన్న లెక్కలే. తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా కత్తిరించాలంటే కీఫ్రేమ్ దగ్గరే తెగుతుంది. ఫోన్ కెమెరా సాధారణంగా సెకనుకొక కీఫ్రేమ్ పెడుతుంది కాబట్టి తేడా తెలియదు. ఒకసారి ఎన్‌కోడ్ అయిన ఫైళ్ళలో మాత్రం దూరం పెరుగుతుంది. ఎక్కువ టూల్స్ వాడే ఎక్స్264 ఎన్‌కోడర్ డీఫాల్ట్‌గా 250 ఫ్రేముల దాకా ఆగుతుంది. 25 ఫ్రేముల వీడియోలో అది పది సెకన్లు.

ముక్క మొదట్లో మాట వస్తూ బొమ్మ కదలకుండా ఉన్నా, నల్లగా ఉన్నా కారణం ఇదే. మొదలును కాస్త వెనక్కి జరపండి. కచ్చితంగా అదే ఫ్రేమ్ దగ్గర తెగాలంటే కాపీ పద్ధతి వదిలి ఎన్‌కోడ్‌కు పోవాల్సిందే. ఎలాగూ కుదించబోతుంటే ఆ కచ్చితమైన కత్తిరింపును అప్పుడే పెట్టుకోండి.

ముక్కలు కలిపేటప్పుడు కోడెక్, కొలత, ఫ్రేమ్ రేటు, ఆడియో నాలుగూ ఒకటైతేనే కాపీ పద్ధతి పనిచేస్తుంది. మీ ఫోన్ క్లిప్పుకూ, మేనమామ వాట్సాప్‌లో పంపిన క్లిప్పుకూ అతుకు కుదరదు. రెండింటినీ ముందు ఒకే కొలతకు తేవాలి.

## 7. సైజు లెక్క వేసి తగ్గించండి

"మీడియం", "హై" బటన్లు నొక్కుతూ అదృష్టం చూసుకోవడం మానండి. లెక్క చాలా చిన్నది.

కావలసిన ఎంబీ × 8000 ÷ సెకన్లు = మొత్తం బిట్‌రేట్, కేబీపీఎస్‌లో, అంటే సెకనుకు ఇన్ని కిలోబిట్లని.

12 నిమిషాల పాఠం 100 ఎంబీలో ఇమడాలి. 12 నిమిషాలంటే 720 సెకన్లు. 100 × 8000 ÷ 720 అంటే సుమారు 1,111. ఇందులో మాటకు 64 తీసేసి, కాస్త వెసులుబాటు ఉంచుకుంటే వీడియోకు 1,000 మిగిలింది. బోర్డు ముందు నిలబడి చెప్పే పాఠానికి 720 కొలతలో ఇది హాయిగా సరిపోతుంది. బోర్డు కదలదు, గోడ కదలదు, టీచర్ చేయి ఒక్కటే కదులుతుంది.

అదే 1,000ని బతుకమ్మ వీడియోకు ఇచ్చి చూడండి. చుట్టూ తిరిగే ఆడవాళ్ళు, చప్పట్లు, చీరల అంచులు, మధ్యలో తంగేడు, గునుగు పూల పేర్పు. అంతా సన్నసన్నని వివరం, అంతా కదలికే. గునుగు పూల కొసలు ముందు కలిసిపోతాయి. తర్వాత పచ్చని తంగేడు పసుపు గడులుగా విడిపోతుంది. ఇలాంటిదానికి 720 కొలతలోనే 2,500 పెట్టాలి. నాలుగు నిమిషాల పాటకు ఆడియో 128 కలుపుకుని లెక్క వేస్తే 2,628 × 240 ÷ 8000, అంటే సుమారు 79 ఎంబీ. ఫోన్ 17 ఎంబీపీఎస్‌తో తీసి ఉంటే అసలు ఫైలు 510 ఎంబీ. ఆరో వంతుకు దిగింది, చాలదా?

చీరల వీడియోలది వేరే గోల. నారాయణపేట చీరలోని చిన్న గడులు 1080 నుంచి 720కి దించగానే మిణుకుమిణుకుమంటాయి, లేని చారలు కనిపిస్తాయి. బిట్‌రేట్ పెంచినా అది పోదు, కొలత తగ్గించడంలో పుట్టిన దోషం అది. అందుకని చీర దగ్గరి షాట్లను 1080లోనే ఉంచి, 4,000 నుంచి 5,000 ఇవ్వండి. వీడియో నిడివి తగ్గించుకోండి. పుట్టపాక, పోచంపల్లి ఇక్కత్‌కు అంత బాధ లేదు. డిజైన్ అంచులు సహజంగానే మెత్తగా ఉంటాయి కాబట్టి 720లోనూ నిలుస్తుంది. గద్వాల జరీ అంచు మీద లైటు పడి తళుక్కుమనే చోట మాత్రం బిట్లు తెగ తింటుంది.

నేను మొదలుపెట్టే అంకెలు ఇవి:

- మాట, పాఠం, ఇంటర్వ్యూ: 720, వీడియోకు 800–1,200, ఆడియో 64 మోనో
- డ్యాన్స్, జాతర, ఊరేగింపు: 720, వీడియోకు 2,500–3,000, ఆడియో 128
- చీర, నగ దగ్గరి షాట్: 1080, వీడియోకు 4,000–5,000, ఆడియో అక్కర్లేకపోతే తీసేయండి

సైజుకు కచ్చితమైన హద్దు లేకపోతే బిట్‌రేట్‌కు బదులు సీఆర్ఎఫ్ వాడండి. ఇది నాణ్యత అంకె. 23 మామూలు, 18 అంటే అసలుకు దగ్గర, 28 అంటే ఫోన్‌లో చూసుకోవడానికి పర్లేదు. అంకె 6 పెరిగితే సైజు దాదాపు సగమవుతుంది.

ప్రీసెట్, అంటే ఎన్‌కోడ్ వేగం, అడిగితే "వెరీ ఫాస్ట్" పెట్టండి. "స్లో" పెడితే ఫైలు కొంచెం చిన్నదవుతుంది నిజమే, కానీ వెబ్‌ అసెంబ్లీలో నడిచే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా ఇన్‌స్టాల్ చేసినదానికంటే పది రెట్లకు పైనే నెమ్మది. అందులో స్లో అంటే రేపటికి చూసుకోవాలి.

60 ఫ్రేముల వీడియోను 30కి దించడం మర్చిపోవద్దు. ఎన్‌కోడ్ చేయాల్సిన ఫ్రేములు అక్కడే సగం తగ్గుతాయి. "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" ఎంపిక ఉంటే అదీ ఆన్ చేయండి. పెదవులకూ మాటకూ తేడా రాకుండా కాపాడేది అదే.

నిలువు వీడియోకు క్రాప్ చేసేవాళ్ళకు ఒక మాట. 1080 ఎత్తులో 9:16 కావాలంటే వెడల్పు 607.5 వస్తుంది. 607 వేస్తే చాలా టూల్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతాయి. హెచ్.264కు వెడల్పూ ఎత్తూ సరిసంఖ్యలే కావాలి. 608 వేయండి.

## 8. పది సెకన్ల నమూనా తీయండి

మొత్తం మీద పడే ముందు, వీడియోలో అన్నిటికంటే ఎక్కువ కదలిక ఉన్న పది సెకన్లు కత్తిరించి ఆ ముక్కకే మీ సెట్టింగ్స్ వేయండి. మొదటి పది సెకన్లు తీసుకోవద్దు. అక్కడ సాధారణంగా ఏమీ జరగదు, అందుకే బాగానే కనిపిస్తుంది.

నమూనాకు పట్టిన టైమ్‌తో మొత్తానికి ఎంత పడుతుందో తెలుస్తుంది. పది సెకన్లకు నిమిషం పడితే నాలుగు నిమిషాల పాటకు ఇరవై నాలుగు నిమిషాలు. పది నిమిషాల వీడియోకు గంట.

చూసేది మాత్రం ల్యాప్‌టాప్‌లో కాదు. అవతలివాళ్ళు ఏ ఫోన్‌లో చూస్తారో అలాంటి ఫోన్‌లోకి పంపుకొని చూడండి.

## 9. నడుస్తున్నప్పుడు

- ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి, మూత దించొద్దు.
- ఆ ట్యాబ్‌ను వేరే విండోలో కనబడేటట్టు వదిలేయండి. కొన్ని టూల్స్ వీడియోను ప్లే చేస్తూ రికార్డు చేసుకుంటాయి. మీరు ఇంకో ట్యాబ్‌కు పోగానే బ్రౌజర్ వెనక ట్యాబ్‌ను నెమ్మదింపజేస్తుంది, వీడియో కుదుపులతో వస్తుంది. పది నిమిషాల వీడియోకు సరిగ్గా పది నిమిషాలే పడుతోందంటే మీ టూల్ ఈ రకమే. వీలైతే మార్చండి.
- క్రోమ్‌లో "మెమరీ సేవర్" ఆన్‌లో ఉంటే ఆ సైటును మినహాయింపుల జాబితాలో చేర్చండి.
- షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే క్రోమ్ టాస్క్ మేనేజర్ వస్తుంది. ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో చూస్తూ ఉండండి.

## 10. తనిఖీ

ఫైలు వచ్చింది కదా అని అసలుది డిలీట్ చేయొద్దు. ముందు ఇవి చూడండి:

- నిడివి అసలుతో సరిపోయిందా?
- చివరి నిమిషంలో మాటకూ పెదవులకూ పొత్తు ఉందా? మొదట్లో చూస్తే తెలియదు, తేడా పోనుపోను పెరుగుతుంది.
- నిలువు వీడియో నిలువుగానే ఉందా?
- ఇంకో ఫోన్‌లో ప్లే అయిందా?
- వెబ్‌సైట్లో పెట్టేదైతే "ఫాస్ట్ స్టార్ట్" లేదా "వెబ్ ఆప్టిమైజ్డ్" ఎంపికతో సేవ్ చేశారా? లేకపోతే చూసేవాళ్ళకు వీడియో మొదలవడం ఆలస్యమవుతుంది.
- ఇంటి దగ్గర తీసినదైతే లొకేషన్ పోయిందా? ఫోన్ వీడియోలో తీసిన చోటు గుర్తులు దాగి ఉండొచ్చు. "మెటాడేటా తీసేయి" అన్న ఎంపిక ఉంటే వాడండి.

## 11. తరచూ వచ్చే తిప్పలు

"అవుట్ ఆఫ్ మెమరీ" అని ఆగిపోయింది. వెబ్‌ అసెంబ్లీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ 2 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. దానికి లోపున్నా, చాలా టూల్స్ అసలు ఫైలు, కొత్త ఫైలు రెండూ ర్యామ్‌లోనే పెట్టుకుంటాయి. ముందు ముక్కలుగా కత్తిరించి, విడివిడిగా కుదించి, ఒకే సెట్టింగ్స్ కాబట్టి చివర్లో కాపీ పద్ధతిలో కలపండి.

మాట ఉంది, బొమ్మ లేదు. హెచ్‌ఈవీసీ. ఈ ఫైలు వరకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆధారిత టూల్ వాడండి. ఇకముందు తీసేవాటికి ఫోన్‌లోనే మార్చుకోండి. ఐఫోన్‌లో కెమెరా ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" పెట్టాలి. ఆండ్రాయిడ్ కెమెరా సెట్టింగ్స్‌లో "హై ఎఫిషియెన్సీ వీడియో" లాంటి పేరుతో ఉన్నది ఆఫ్ చేయాలి.

వీడియో పడుకుంది. ఫోన్ నిలువు వీడియోను అడ్డంగానే రాసి, "తిప్పి చూపించు" అని ఒక గుర్తు పెడుతుంది. టూల్ ఆ గుర్తును పారేసింది. మళ్ళీ చేసేటప్పుడు 90 డిగ్రీలు తిప్పండి.

కుదిస్తే సైజు పెరిగింది! వాట్సాప్‌లో వచ్చిన వీడియోకు మీరు ఎక్కువ బిట్‌రేట్ ఇచ్చారు. అసలు బిట్‌రేట్ చూసి దానికంటే తక్కువ ఇవ్వండి, లేదా దాని జోలికే పోకండి.

చాలా మెల్లగా నడుస్తోంది. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ చూడండి. కొన్ని టూల్స్‌లో "మల్టీ థ్రెడ్" ఎంపిక ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. అయినా కాకపోతే వెబ్‌కోడెక్స్ వాడే టూల్‌కు మారండి.

## 12. ఫోన్‌లోనే చేయాలంటే

కాపీ పద్ధతి కత్తిరింపులు ఫోన్ క్రోమ్‌లో బాగానే అవుతాయి. కుదింపు మాత్రం రెండు మూడు నిమిషాల క్లిప్పులకే పెట్టుకోండి. స్క్రీన్ ఆరిపోయినా, కాల్ వచ్చి వేరే యాప్‌కు పోయినా ఆండ్రాయిడ్ ఆ ట్యాబ్‌ను ఎత్తేయొచ్చు. స్క్రీన్ టైమ్ అవుట్ పెంచి, టూల్ తన సరంజామా దించుకున్నాక ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కాల్స్ రావు, నాలుగో మెట్టులోని నెట్ పరీక్షా అందులోనే అయిపోతుంది.

## 13. బ్రౌజర్‌ను వదిలేయాల్సిన పనులు

మూడు గంటల పెళ్ళి వీడియో, 4కే ఫుటేజీ, రోజుకు ఇరవై క్లిప్పులు కుదించే స్టూడియో పని బ్రౌజర్‌కు పెట్టొద్దు. వాటికి హ్యాండ్‌బ్రేక్, కత్తిరింపులకు లాస్‌లెస్‌కట్ ఇన్‌స్టాల్ చేసుకోండి. రెండూ ఉచితం, రెండూ మీ కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి. పై లెక్కలన్నీ అక్కడా వర్తిస్తాయి.

## 14. నెట్ సెంటర్‌లోనో, స్కూల్ ల్యాబ్‌లోనో చేస్తే

వీడియో సర్వర్‌కు పోలేదు సరే, ఆ కంప్యూటర్‌లో మాత్రం మిగిలి ఉంటుంది. లేచే ముందు:

- మీరు పెట్టిన ఫోల్డర్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ రెండింట్లోంచీ ఫైళ్ళు తీసేయండి. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.
- ఆ సైటు తెరిచి ఉండగా అడ్రస్ బార్ ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి, సైట్ డేటా తొలగించండి. కొన్ని టూల్స్ మధ్యలో వచ్చిన ఫైళ్ళను బ్రౌజర్ నిల్వలోనే వదిలేస్తాయి, డౌన్‌లోడ్స్‌లో వెతికితే అవి కనిపించవు.
- వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే మీ ఫోన్‌లోని "లింక్డ్ డివైజెస్"కు వెళ్ళి లాగ్ అవుట్ చేయండి.